ఇంటికీ బడికీ నడుమ తొవ్వ

మేడిపల్లి మండలంలో ఎవరైనా అర్జీ పెట్టుకోవాలంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: ఎవరికి పెట్టాలి? కలెక్టరు ఉండేది జగిత్యాలలో. ఎమ్మెల్యే వేములవాడ ఎమ్మెల్యే, వేములవాడేమో రాజన్న సిరిసిల్ల జిల్లాలోది. లోక్‌సభకు వేసిన ఓటు కరీంనగర్ లెక్కలోకి పోతుంది. ఇటు కోరుట్లలో, అటు జగిత్యాలలో వేసిన ఓటు నిజామాబాద్ లెక్కలోకి పోతుంది. బస్సు వస్తే అది కోరుట్ల డిపోదో జగిత్యాల డిపోదో దాని ఒంటి మీద రాత చూస్తే గాని తెలియదు. 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుంచి జగిత్యాల జిల్లా విడివడినప్పుడు ఆఫీసులు దగ్గరయ్యాయి, నిజమే. ఏ కాగితం ఏ గుమ్మంలో వేయాలన్నది మాత్రం అంత తేలిక కాలేదు.

ఈ చిక్కులోకి ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరు దిగారు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలరుగా రిటైరైన మేనమామ. ఆమె సర్కారు ప్రాథమిక బడిలో ఎస్జీటీగా పనిచేస్తున్న మేనకోడలు. ఇద్దరూ కల్పితులే. వాళ్లు చెప్పుకున్న లెక్కలు కావు. అరుగు మీద ఆమె తల్లి, అంటే ఆయన అక్క, ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది.

"మా బడికొచ్చే పొద్దుగాల బస్సు బందు వెట్టిండ్రు మామా."

"బందు వెట్టలే బిడ్డా. టైం మార్చిండ్రు. ఏడున్నరకు ఒకటి, పదకొండుకు ఒకటి."

"తొమ్మిదికి ప్రార్థన. ఏడున్నరకు దిగిన పిల్ల తాళమేసిన గేటు కాడ గంటన్నర కూసోవాలె. పదకొండుకు దిగితె ఇగ అన్నం గంటకే ఎదురుచూసుడు. గిది బందు గాకపోతె ఏంది?"

మామ బదులివ్వలేదు. నౌకరీలో ఉండగా డ్యూటీ చార్టు మీద ఇలాంటి దిద్దుబాట్లు ఆయన చేతి మీదుగానే ఎన్నో జరిగాయి. పల్లె బస్సు మీద కోత ఎప్పుడూ జీవోగా రాదు. ట్రిప్పును 'కలుపుతారు', రూటును 'మళ్లిస్తారు', టైమును 'సర్దుతారు'. రాత్రి ఊళ్లోనే పండుకొని తెల్లారి బయల్దేరే నైట్‌హాల్ట్ బస్సును డిపోకే రప్పిస్తారు. కాగితం మీద ఊరికి బస్సు ఉన్నట్టే ఉంటుంది. బడి సంగతీ ఇంతే. మూసేస్తున్నామని ఎవరూ అనరు. 'రేషనలైజేషన్' అంటారు, 'విలీనం' అంటారు. పిల్లలు తగ్గారని సారును డిప్యుటేషన్ మీద పంపుతారు, సారు లేడని ఉన్న పిల్లలు పోతారు. వీళ్ల గొడవలో ఉన్న ఎనిమిది మంది పిల్లల పరిస్థితి అలాంటిదే. వాళ్ల గూడెం బడికి తాళం పడింది. తెరిచి ఉన్న బడి మూడు కిలోమీటర్ల అవతల, మేనకోడలు పనిచేసే ఊళ్లో ఉంది.

"చూడు బిడ్డా, డిపోల మమ్ముల అడిగేటియి రెండే. ఈపీకే ఎంత, ఓఆర్ ఎంత? కిలోమీటరుకు వచ్చిన పైసలొకటి, నిండిన సీట్లొకటి. మీ గూడెం ట్రిప్పు రెంటిల్ల ఏ ఒక్కదాంట్ల పాసు కాదు. ఎక్కేది ఎనిమిది మంది. ఎనిమిది మందీ ఫ్రీ."

ఫ్రీ అన్న మాట నిజం. పదో తరగతి దాకా ఆడపిల్లలకు, పన్నెండేళ్ల దాకా మగపిల్లలకు ఆర్టీసీ ఉచిత పాసు ఎప్పటి నుంచో ఉంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు జీరో టికెట్ వచ్చింది. కాబట్టి ఒకటో తరగతి పిల్ల బస్సెక్కితే కండక్టరు సంచిలో ఒక్క రూపాయీ పడదు. ఆ రూపాయిని ప్రభుత్వం తర్వాత ఎప్పుడో ఆర్టీసీకి కట్టాలి. పేదింటి మీద టికెట్ భారం తీసేసింది ప్రభుత్వమే. మరో చేత్తో డిపో మేనేజరును రోజువారీ రాబడి అడిగేదీ దాదాపు అదే ప్రభుత్వం.

"నాది పైసల లొల్లి కాదు మామా. టికెట్ ఫ్రీ అన్నరు, మంచిగనే ఉన్నది. ఎక్కుదామంటె బస్సేది?"

"ఉన్న బస్సులు జనమున్న తొవ్వకు వంపుతరు. జగిత్యాల లైన్ల చూడు, మెట్ల మీద కాలు వెట్ట సందు లేదు. ఆడోళ్లందరు ఎక్కుతుండ్రు, మొగోళ్లు మమ్ములను తిడుతుండ్రు. ఆ బస్సును గుంజుకొచ్చి గూడేనికి తిప్పమంటె డీఎం ఏమంటడు?"

"గూడేనికి తిప్పుమంటడు, ఆయనకు చిన్న పోరి ఉంటె."

చాటలో చేతులాడిస్తూనే అక్క అందుకుంది. "పిల్లను దింపి రానీకి గంట. మాపటికి తోలుకరానీకి ఇంకో గంట. రొండొందల బీడీలు పాయె." మళ్లీ తల వంచుకుంది. రోజుకు వెయ్యి చుట్టే చేతికి రెండు గంటలంటే అంతే మరి. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లో మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. ఇంటి దగ్గర బీడీ, బడి, ముసలివాళ్లు అన్నీ ఆడవాళ్ల మీదే. ప్రభుత్వం మిగుల్చుకున్న డీజిలు ఈ చాటలోంచి పోతోందని లెక్క కట్టే పట్టిక ఏ డిపోలోనూ లేదు.

మామకు బస్సంటే చిన్న అభిమానం కాదు. నిజాం రాష్ట్ర రైల్వేలో రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైందని ఎవరడిగినా అడగకున్నా చెబుతాడు. ఆ రోజూ చెప్పాడు.

"నిజాం ఓఆర్ చూస్కొని నడిపిండా మామా?" అని అడిగింది మేనకోడలు.

"నిజాం పట్నాలకు నడిపిండు. గూడేలకు బస్సు తెచ్చింది మేం."

"తెచ్చింది మీరే, తీసింది మీరే."

ఆ మాట ఆయనకు తగిలింది. 2019 సమ్మె ఎత్తుకున్నాడు. అక్టోబరు 5న మొదలై 52 రోజులు నడిచిన సమ్మె అది. దాదాపు 48 వేల మంది విధులకు దూరంగా ఉన్నారు. వాళ్లంతట వాళ్లే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని ముఖ్యమంత్రి ప్రకటించారు. నవంబరు 2న మంత్రివర్గం 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామంది. చివరికి ఉద్యోగులు తిరిగి చేరారు, ప్రైవేటు రూట్ల మాట అటకెక్కింది, డిసెంబరు 3 నుంచి కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీ పెరిగింది. "ఆ సంవత్సరం నుంచి మాకు ఒకటే పాఠం నేర్పిండ్రు. నష్టమొచ్చే కిలోమీటరు కొట్టెయ్యి. మల్ల కరోనా వచ్చె. బస్సులు ఆగినయి. లేచినంక అన్ని లేవలే."

"ఆ సమ్మెల బడులేమైనయో యాది ఉన్నదా?"

ఉంది. అక్టోబరు 13తో ముగియవలసిన దసరా సెలవులను ప్రభుత్వం 19 దాకా పొడిగించింది. బడులు 21న, సోమవారం తెరుచుకున్నాయి. ఆర్టీసీ ఆగేసరికి ప్రైవేటు బడుల బస్సులను కూడా జనాన్ని తోలడానికి రోడ్డెక్కించవలసి వచ్చింది. బస్సు లేక బడే ఆగిన వారం అది. రాష్ట్రమంతా ఒక్కసారిగా ఆగితే సెలవు అన్నారు. ఎనిమిది మంది పిల్లలకే ఆగితే దానికి పేరే లేదు.

ఇక్కడిదాకా గెలుపు మేనకోడలిదే అనిపిస్తుంది. కాని మామ దగ్గర ఇంకో మాట ఉంది. దాన్ని ఆయన గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆరేండ్ల పిల్లను ఆర్టీసీ బస్సెక్కియ్యొద్దు బిడ్డా. కొండగట్టు మతికున్నదా?"

2018 సెప్టెంబరు 11. శనివారంపేట నుంచి జగిత్యాలకు వస్తున్న, జగిత్యాల డిపోకే చెందిన బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు మీద నుంచి లోయలో పడింది. అరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు, కూలినాలి చేసుకునేవాళ్లు. పిల్లలూ ఉన్నారు. ఆ బస్సులో పట్టవలసిన వాళ్లకంటే ఎంతోమంది ఎక్కువ ఎక్కారు. కొడిమ్యాల మండలంలోని కొన్ని ఊళ్లలో ఆ రోజు ఒక్కో వాడకట్టులో ఒకటికి మించి పాడెలు లేచాయి. అరుగు మీద కొంతసేపు బీడీ ఆకు కత్తిరించే చప్పుడే వినిపించింది.

"ఓఆర్ మంచిగున్న బస్సు అంటె గట్లుంటది," అన్నాడు మామ. ఆయన ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో ఆ క్షణంలో ఆయనకే తెలిసినట్టు లేదు.

"మరేం చెయ్యమంటవు?"

"బస్సొద్దు. బడినే ఊళ్లె ఉంచు. పిల్ల నడిసి వస్తది. మేమంత నడిసే చదివినం."

నడిచి చదివామనే మాట పాత తరానికి తిరుగులేని అస్త్రం. నడవలేక మూడో తరగతితో ఆగిపోయినవాళ్లు ఆ మాట చెప్పడానికి ఏ సభకూ రారు గనుక అది అలా చెల్లుతూనే ఉంటుంది. అయితే మామ మాటకు చట్టం బలమూ ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఇరుగుపొరుగు బడి అనే ఊహ మీద నిలబడింది. దాని నిబంధనల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు బడి కిలోమీటరు నడకలో ఉండాలి, ఆరు నుంచి ఎనిమిది వారికి మూడు కిలోమీటర్లలో. దగ్గర్లో బడి లేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా వంటి ఏర్పాటు ప్రభుత్వమే చేయాలనీ ఉంది.

అసలు చిక్కు ఆ కిలోమీటరులోనే ఉంది. ప్రాథమిక బడి కిలోమీటరులోనే ఉంటుందని కాగితం నమ్ముతుంది కాబట్టి ప్రాథమిక పిల్లలకు బస్సు అనే ఆలోచన ఏ శాఖ బడ్జెట్‌లోనూ గట్టిగా నాటుకోలేదు. బడి ఖాళీ అయ్యాక కూడా కాగితం మీద అది అక్కడే ఉంటుంది. 2024-25 కేంద్ర విద్యాశాఖ లెక్కల్లో దేశం మొత్తం మీద ఒక్క పిల్లా పిల్లాడూ చేరని బడులు 7,993 తేలాయి. అందులో 2,245 తెలంగాణవే. పశ్చిమ బెంగాల్ తర్వాత స్థానం మనదే. పిల్లలు లేని ఆ బడుల మీద 1,016 మంది టీచర్ల పేర్లున్నాయి. అందులో ఏదో ఒక బడి కిలోమీటరులో ఉంది కదా అంటే, ఉంది. దానికి తాళం కూడా ఉంది.

"ఊళ్లె బడి ఉంచుమంటవు. ఎట్ల ఉంచుడు? పన్నెండు మంది పిల్లలు, ఐదు తరగతులు, ఒక్క టీచరు. నేను చేసిన మామా ఆ కొలువు, నాలుగేండ్లు. ఒకటోళ్లకు అక్షరాలు దిద్దిపియ్యాల్నా, ఐదోళ్లకు భాగారాలు చెప్పాల్నా? మీటింగని మండలానికి పిలిస్తె ఆ దినం బడే లేదు. పోరగాళ్లకు ఆడుకోనీకి జోడు దొరకది. గది బడి కాదు, పిల్లలను కాపాడే కొట్టం."

"అందుకని మూసేద్దాం?"

"మూసేద్దాం అంటలే. నలుగురు టీచర్లున్న బడికి తీస్కపోదాం. బస్సుల."

ఆమె వాదనకూ అండ ఉంది. 2024లో ఏర్పడిన తెలంగాణ విద్యా కమిషన్ రవాణాతో కూడిన పెద్ద బడుల ఆలోచనను ముందుకు తెచ్చింది. మామ మాత్రం పొరుగు రాష్ట్రం వైపు చూపించాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన 117 నంబరు జీవో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను కిలోమీటరు లోపు హైస్కూళ్లకు తరలించమంది. బడులు తెరిచిన కొద్దిరోజుల్లోనే రోడ్డు దాటాలి, వాగు దాటాలి అని తల్లులు గేట్ల ముందు కూర్చున్నారు. మూడేళ్లు తిరగకముందే, 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. "కిలోమీటరుకే గంత లొల్లి అయ్యింది. నువ్వు మూడంటున్నవ్."

"వాళ్లు బడి జరిపిండ్రు, బస్సు వెట్టలే. అందుకే లొల్లి."

నిజానికి ఈ రెండు పనులూ ఒకేసారి చేసిన దేశం ఉంది. ఐర్లండ్‌లో 1960లలో ఒకరిద్దరు టీచర్ల పల్లె బడులను కలిపేస్తూ, 1967లో ప్రభుత్వ ఖర్చుతో బడి రవాణా పథకం పెట్టారు. ఇంగ్లండ్ చట్టంలోనైతే ఎనిమిదేళ్లలోపు పిల్లకు రెండు మైళ్లు దాటితే వాహనం ఏర్పాటు చేయవలసిన బాధ్యత స్థానిక ప్రభుత్వానిది. ఈ దేశాల్లోనూ ఇప్పుడు ఖర్చు తగ్గించే గొడవలు ఉన్నాయి. తేడా ఒక్కటే. అక్కడ కోత కోస్తే ఎవరు కోశారో తెలుస్తుంది, ఎందుకంటే ఆ తొవ్వకు ఒక యజమాని ఉన్నాడు. మన దగ్గర గూడెం పిల్ల ఇంట్లో ఉన్నంతసేపూ తల్లిది, బడిలో కాలుపెట్టాక విద్యాశాఖది. నడుమ మూడు కిలోమీటర్లలో ఆమె ఎవరి పిల్లో చెప్పే జీవో కోసం వెతకాలి.

ఆ ఖాళీలోకి వచ్చింది పసుపు బస్సు. ప్రైవేటు బడి వ్యాను పొద్దున ఎనిమిదికల్లా ఇంటి ముందు హారన్ కొడుతుంది. సర్కారు బడిలో పాఠం బాగా లేదని కాదు, వ్యాను వస్తోందని పిల్లలను అటు వేసిన తల్లులు ఈ ప్రాంతంలో కొల్లలు. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బులో ఫీజుకు కొంత, వ్యానుకు కొంత. వ్యాను రాలేని ఇళ్ల పిల్లలే సర్కారు బడికి మిగిలారు. అంటే కాళ్లే వాహనంగా ఉన్నవాళ్ల దగ్గరి నుంచే బస్సు తీశారు. వ్యాను కూడా క్షేమమని గుండె మీద చెయ్యి వేసుకోలేం. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు దాటుతున్న బడి బస్సును రైలు గుద్దింది. ఎందరో చిన్నపిల్లలు ఆ పట్టాల మీదే పోయారు.

"బడికి పోయే పిల్లలకు రవాణా భత్యం ఉన్నది గద," అన్నాడు మామ. "నాకు తెల్వదనుకోకు. సమగ్ర శిక్షల పిల్లకు ఆరువేలు."

"సంవత్సరానికి ఆరువేలు దాటొద్దని ఉన్నది. పది నెల్లకు పంచు. నెలకు ఆర్నూరు. బడి నడిచేది ఇరవై నాలుగు దినాలనుకో. రోజుకు ఇరవై అయిదు. ఎనిమిది మందికి రెండొందలు. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి, రానుపోను ఖాళీ. ఏ ఆటో అన్న వస్తడు చెప్పు?"

"వస్తడు. ఎనిమిది మంది జాగల పదిహేను మందిని కుక్కుకొని వస్తడు."

"ఆటో అన్నకు నెలనెలా ఇయ్యాలె. నా జీతంల నుంచి నేను ఇయ్యాల్నా?"

చాలామంది ఇస్తున్నారు కూడా. టీచర్లు తలా కొంత వేసుకొని పిల్లలకు ఆటో కుదిర్చారన్న వార్త ప్రతి జూన్‌లో, బడిబాట రోజుల్లో, జిల్లా ఎడిషన్లలో ఫొటోతో సహా కనబడుతుంది. దాన్ని మనం ఆదర్శం అని చదువుకుంటాం. అది ప్రభుత్వం కట్టని బిల్లు అని చదవడం అలవాటు కాలేదు.

మామ కాసేపు ఊరుకొని, "ఒక ముచ్చట," అన్నాడు. "2025 మార్చి 8న మహిళా సంఘాల బస్సులు మొదలువెట్టిండ్రు యాదికున్నదా? మండల సమాఖ్య బస్సు కొంటది, ఆర్టీసీకి కిరాయికిస్తది. ఆ బస్సు పొద్దుగాల పెద్ద లైన్ల పడకముందు ఒక్క ట్రిప్పు గూడేలకు కొడితె?"

"అందుల అమ్మలక్కలదే పెత్తనం," అంది మేనకోడలు, మొదటిసారి నవ్వుతూ. "పిల్లలను మెట్ల మీద నిలవెట్టనియ్యరు."

"నిలవెట్టరని రాసుకోకు. అడ్డంగ సీట్లుంటయి, ఒక ఆయా ఉండాలె, ముప్పై మంది దాటొద్దు. నేను ఒప్పుకునేది గట్లయితెనే. ఎనిమిది మంది కోసం బస్సు రాదు. మూడు గూడేలు కలుపు, ఇరవై నాలుగవుతరు."

"మూడు గూడేలంటె నా బడొక్కటే సరిపోదు."

"సరిపోతది. నువ్వన్నదే గద, నలుగురు టీచర్లని."

ఇద్దరూ ఒక దారికి వచ్చారనుకోవద్దు. ఇంటర్‌లోకి వచ్చేదాకా ఊరి పిల్ల ఊళ్లోనే చదవాలన్న పట్టు ఆయన వదల్లేదు. మూసిన బడిని మళ్లీ తెరిపించే మాట ఆమె ఎత్తలేదు. ఆ గూడెం బడిలో మళ్లీ పన్నెండు మందే అయితే మళ్లీ తాళమే కదా అన్నది ఆమె లోపలి మాట. ఈ వ్యాసకర్త మాత్రం మామ వాదన కంటే మామ లెక్కనే ఎక్కువ నమ్ముతాడు. ట్రిప్పులు తీసినవాడికే ట్రిప్పు ఎక్కడ ఇరుకుతుందో తెలుస్తుంది.

అక్క లోపలికి పోయి పాత కరెంటు బిల్లు తెచ్చి ఇచ్చింది. వెనక పక్క ఖాళీగా ఉంది. మామ జేబులోంచి పెన్ను తీసి, డిపోలో గీసినట్టే గీతలు గీశాడు. మొదటి గడిలో బయల్దేరే టైము, 7.50. రెండో గడిలో మొదటి గూడెం, మూడు నిమిషాలు ఆగుడు. మూడోది వాగు మీది కల్వర్టు, వానాకాలం అయితే చుట్టు తిరిగి. బడి గేటు 8.40. మొత్తం కిలోమీటర్లు 14. చివరి గడి మీద పెన్ను ఆగింది. డ్యూటీ చార్టులో ఆ గడి ఎప్పుడూ ఖాళీగా వదలరు. ఈ కిలోమీటర్లు ఏ పద్దు కింద రాయాలి?

"విద్యాశాఖ అని రాయి," అంది మేనకోడలు.

"వాళ్లు ఒప్పుకోరు. పొద్దుగాల కలెక్టరాఫీసుల ప్రజావాణి ఉన్నది గద, ఆడ అడుగు," అన్నాడు మామ. గడిని ఖాళీగానే వదిలి, కింది వరసలో సాయంత్రం ట్రిప్పు రాయడం మొదలుపెట్టాడు. 4.10, బడి గేటు.